సైకమోర్ వీధిలో కరెంటు లేదు

గరాజులో, అటక మీద, బూట్ల పెట్టెలో
దొరికాయి ఓరిన్ నోటుబుక్కులు.
ముప్పై ఒక్క ఏళ్ల ఓక్లహోమా తుఫానులు,
కొమ్మ విరిగిపడి తెగిన తీగలు, కాలిన ఫ్యూజులు,
ట్రాన్స్‌ఫార్మర్‌లో దూరి చచ్చిన ఉడతలు కూడా
లెక్క తప్పకుండా, నీలం సిరాతో.

నాతో పెద్దగా మాట్లాడని మనిషి
స్తంభాలతో ఇంత మాట్లాడాడా అనుకున్నాను.

పారేద్దామా ఉంచుదామా అని తిరగేస్తుంటే
ఒక పేజీ దానంతటదే తెరుచుకుంది.
చాలాసార్లు తెరిచిన పేజీకి ఆ అలవాటుంటుంది.

ఫిబ్రవరి పదకొండు. మంచువాన.
సైకమోర్ వీధి, నాలుగో స్తంభం నుంచి చివరిదాకా
కరెంటు లేదు.
రాత్రి తొమ్మిదింబావుకి పోయింది.
పన్నెండుకి పది నిమిషాలుండగా ఇచ్చాను.

ఆ తేదీ నాకు నోటికొచ్చు.
ఎనిమిది రోజులు కోర్టులో విన్నాను,
పన్నెండు కుర్చీల్లో తొమ్మిదోది నాది.

మిసెస్ లండ్‌క్విస్ట్‌ను పొడిచింది పదిన్నరకి.
ఎదురింటి కిటికీలోంచి చూసినాయన
బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్పాడు:
వీధి దీపం కిందనుంచి పరిగెత్తాడండీ,
డార్నెల్ ప్రూయిటే, కళ్లారా చూశాను.

ఆ కుర్రాడు తల తిప్పి మా వైపు చూశాడు.
కొత్త చొక్కా. కాలరుకి
దుకాణం చీటీ దారం ఇంకా వేలాడుతోంది.
ఎవరైనా కత్తిరిస్తే బాగుండనిపించింది.

కౌంటీ ఇచ్చిన లాయరు
దగ్గుబిళ్ల చప్పరిస్తూ
దీపం ఎంత దూరమని అడిగాడు.
వెలుగుతోందా అని అడగలేదు.
మాకూ తోచలేదు. దీపమంటే వెలిగేదే కదా.

ప్రతి సాయంత్రం జడ్జి చెప్పి పంపేవాడు:
ఇంట్లో ఈ కేసు ఊసెత్తకండి,
కట్టుకున్నవాళ్ల దగ్గరైనా సరే.
ఎత్తలేదు.
చిన్నప్పటినుంచీ చెప్పిన మాట వింటానని నాకు పేరు.

బఠాణీల సూపు తాగుతూ ఓరిన్ ఒకసారి
"ఎలా ఉంది కోర్టు?" అన్నాడు.
"చలిగా ఉంది" అన్నాను.
ఉప్పు అందించాను.

మా ఇద్దరి మధ్యా బల్ల వెడల్పు రెండున్నర అడుగులు.
ఒక ప్రాణం అటునుంచి ఇటు రాలేక
అక్కడే కూర్చుంది.

మూడు గంటల్లో తేల్చేశాం.
మళ్లీ మంచు పడుతుందని రేడియో చెప్పింది,
రెండో నంబరావిడకి ఆవులు పితికే వేళైంది.
నేనూ చెయ్యెత్తాను.
అంత బరువేం లేదు చెయ్యి.

దాహం తీరినట్టు, బాకీ తీరినట్టు
ఏదో ఒకటి తీరుతుందనుకున్నాం తీర్పుతో.

తొమ్మిదేళ్ల తర్వాత, ఒక గురువారం, సూది వేశారు.
మర్నాడు పేపర్లో ఫొటో:
జైలు గేటు బయట వాళ్లమ్మ,
ఒక చేతిలో కొవ్వొత్తి,
రెండో చెయ్యి గాలికి అడ్డం.
కింద కేసంతా మళ్లీ మొదటినుంచీ రాశారు,
తేదీ, వీధి, దీపం.

క్రికెట్టో బేస్‌బాలో తప్ప చదవని మనిషి,
కాదు, బేస్‌బాలే,
ఆ పేపరు ముందు చాలాసేపు కూర్చున్నాడు.
లేచి గరాజులోకి వెళ్లి లైటు వేశాడు.
నాకు నిద్ర పట్టేదాకా అది వెలుగుతూనే ఉంది.

ఇప్పుడు చూస్తున్నాను.
"కరెంటు లేదు" కింద గీత.
నీలం సిరా కాదు, వడ్రంగి పెన్సిలు.
ఒక్కసారి గీసింది కాదు,
కాగితం చిరిగేదాకా.

అప్పటికే కుర్రాడు పోయాడు.
ఇంక చెబితే చచ్చేది నేనేననుకున్నాడేమో.
ఇరవై రెండేళ్లు నా పక్కనే పడుకుని
నా మీద జాలిపడ్డాడు.
ఆ జాలిలో చిటికెడు
ఆ గదిలో మా పన్నెండుమందికీ లేకపోయింది.

రేపు పొద్దున కోర్టు గుమాస్తా కిటికీ ముందు నిలబడతాను,
ఈ పుస్తకం చంకలో పెట్టుకుని.
ఏం పని మీద వచ్చారమ్మా అంటాడు.

మా వీధిలో కరెంటు పోయింది బాబూ,
రాసుకో, అంటాను.